వాసన ఆగిపోయే సీరియల్

మా వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన నా చొక్కా చేతులకు రెండేసి గీతలు తీస్తాడు. ఒక గీత అందరి చొక్కాలకూ ఉండేదే. రెండోది ఆయన సొంతం. అది మొదటిదానికి అర అంగుళం పక్కన పడుతుంది కాబట్టి, భుజం నుంచి మణికట్టు దాకా రైలు పట్టాలు వేసుకుని డ్యూటీకి పోతున్నట్టు ఉంటుంది. మూడేళ్లుగా చెబుతున్నాను. "ఒక్కటే గీత రావాలె భయ్యా" అంటే, "ఒకటి పోయినా ఇంకోటి ఉంటది గద సార్" అంటాడు. ఆ జవాబులో తప్పు పట్టడానికి నాకు ఇంతవరకు ఏమీ దొరకలేదు.

ఆయన సంగతి ఎందుకంటే, ఆ సీరియల్ చూడమని నేను చెప్పిన మొట్టమొదటి మనిషి ఆయనే. చొక్కాల కోసం నిలబడి ఉన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలి. ఓటీటీలో దయ్యం సీరియల్ ఒకటి వచ్చింది, దయ్యం వచ్చేముందు మాడిన పాల వాసన వస్తుంది, ఒళ్లు జలదరిస్తుంది అని చెప్పాను. ఆయన పెట్టె మీద నుంచి చెయ్యి తీయకుండానే విన్నాడు.

"మాడు వాసనకు భయపడితె నేను దుకాణం బంద్ వెట్టాలె సార్" అన్నాడు.

ఆ తర్వాత చాలామందికి చెప్పాను. ఆఫీసు బస్సులో చెప్పాను, పెళ్లిలో పక్క కుర్చీ ఆయనకు చెప్పాను, పళ్లు పీకే డాక్టరుకు నోరు తెరిచి ఉండగానే చెప్పబోయాను. సరదా కొద్దీ చెబుతున్నానని అందరూ అనుకుంటారు. మొదట్లో సరదాయే. ఇప్పుడు కాదు. మా ప్లాంటులో ఒక మనిషి ఇవాళ మధ్యాహ్నం కూడా తన ఊరికి వీడియో కాల్ చేసి, పళ్లెంలోని అన్నాన్ని కూతుళ్లకు చూపించాడంటే అది ఆ సీరియల్ వల్ల. నా వల్ల కాదు. నా చేతికే వదిలేసి ఉంటే ఆ ఫోను మోగుతూనే ఉండేది.

సీరియల్ పేరు చెప్పను. చెబితే మీరు ముందు చివరి భాగంలో ఏమవుతుందో వెతుకుతారు. మా వైపు అందరూ దాన్ని మాడుపాల సీరియల్ అంటారు. అలా అడిగితే ఎవరైనా చూపిస్తారు.

మొత్తం ఎనిమిది భాగాలు. కొండల్లో ఎక్కడో ఒక పాత క్వార్టర్సు ఇంట్లోకి ఒక కుటుంబం దిగుతుంది. భార్య, భర్త, ఒక పాప. మొదటి భాగంలో ఏమీ జరగదు. పాలు మాడిన వాసన వస్తుంది, అంతే. ఆవిడ వంటింట్లోకి వెళ్లి చూస్తుంది, పొయ్యి ఆరిపోయి ఉంటుంది. రెండో భాగంలో మళ్లీ వాసన. కిటికీలు తెరుస్తారు, సాంబ్రాణి వేస్తారు, కాసేపటికి వాసన పోతుంది. హమ్మయ్య అనుకుని పడుకుంటారు. పొద్దున లేచేసరికి జుట్టు విరబోసుకుని నిద్రపోయిన పాపకు రెండు జడలు వేసి ఉంటాయి. ఎవరూ వేయలేదు. పాప కూడా నేను వేసుకోలేదంటుంది. జడలు మాత్రం చాలా బాగా కుదిరి ఉంటాయి. నాకు అన్నిటికంటే భయం వేసింది ఆ కుదురు చూసే.

నాలుగో భాగంలో ఆ ఇంటికి ఎదురుగా ఉండే ముసలామె ఒక మాట చెబుతుంది. వాసన వచ్చినప్పుడు ఆమె, అంటే ఆ దయ్యం, గేటు బయట ఉన్నట్టు. వాసన పోయిందంటే లోపలికి వచ్చినట్టు.

అంతే. ఆ తర్వాత మీరు మొదటి మూడు భాగాలనూ తలలో మళ్లీ తిప్పుకోవాలి. వాళ్లు ఊపిరి పీల్చుకున్న ప్రతిసారీ, కిటికీ మూసి దుప్పటి కప్పుకున్న ప్రతిసారీ, ఆమె ఆ గదిలోనే ఉంది. మొదటి మూడు భాగాలు నత్తనడక అని చాలామంది దాటేస్తారు. దాటకండి. పగలే చూడండి. రాత్రి చూస్తే చీకటికి భయపడుతున్నారో సీరియల్‌కు భయపడుతున్నారో తేలదు.

ఈ సీరియల్ ఎక్కడివాళ్లయినా చూడొచ్చు గానీ, మావాళ్లకు తగిలినంత గట్టిగా ఇంకెవరికీ తగలదు. మేముండేది ఫ్యాక్టరీల మధ్య ఇంద్రేశంలో, కొత్త లేఅవుట్లో కిరాయికి. ఇక్కడ ముక్కే అందరికీ వార్తాపత్రిక. ఏ పూట ఏ వైపు గాలి వీస్తోందో, ఎవరు ఏ పని మొదలుపెట్టారో ముక్కు చెబుతుంది. కుళ్లిన కోడిగుడ్డు, కాలిన రబ్బరు, అతిగా మాగిన పండు. బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నా ఏ మలుపు దగ్గర ఉన్నామో తెలిసిపోతుంది. అందుకే వాసన లేని రోజు మాకు సెలవురోజు లాంటిది. కిటికీలన్నీ తెరుచుకుంటాయి. డాబాల మీద బట్టలు ఆరేస్తారు, మిరపకాయలు ఎండబోస్తారు, ఎదురింటివాళ్లు గేటు దగ్గర నిలబడి "ఇయ్యాల గాలి మంచిగుంది" అంటారు. వాసన లేకపోవడమే మా ప్రాంతంలో మంచి గాలికి నిర్వచనం. పుట్టినప్పటి నుంచి నేర్చుకున్న ఈ పాఠాన్ని ఆ ముసలామె ఒక్క మాటతో తలకిందులు చేసింది.

ఆ నాలుగో భాగాన్ని నా భార్యతో కలిసి ఒక ఆదివారం మధ్యాహ్నం చూశాను. తనది సంగారెడ్డిలో కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. బెల్లం, చింతపండు, ఎండుమిర్చి బస్తాల మధ్య పెరిగింది. వాసనల విషయంలో తన మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు. ముసలామె ఆ మాట చెప్పగానే తను రిమోట్ తీసుకుని ఆపేసింది. లేచి వెళ్లి వంటింట్లో చూసి వచ్చింది. తర్వాత తెరిచి ఉన్న కిటికీ వైపు చూసింది.

"ఏమండి, ఇయ్యాల పొద్దుగాల సంది వాసనే లేదు గద."

"లేదు. మంచిదే గద" అన్నాను.

తను కాళ్లు పైకి పెట్టుకుని సోఫాలో ముడుచుకుని కూర్చుంది. నేనూ కాళ్లు పైకి పెట్టుకున్నాను. నేల చల్లగా ఉంది.

కాస్త ధైర్యం చెబుదామని, ఇందులో దయ్యమేమీ లేదు, ఇది కెమిస్ట్రీ అన్నాను. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే వాయువు ఒకటుంది, హైడ్రోజన్ సల్ఫైడ్. మురుగు నిలిచిన చోట పుడుతుంది. కొంచెం ఉంటే కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే ముక్కులోని నరం మొద్దుబారి, అసలు వాసనే తెలియదు. అంటే మనిషిని చంపేంత ఉన్నప్పుడు ఏమీ లేనట్టే ఉంటుంది. పరీక్షలో అది రెండు మార్కుల ప్రశ్న. నేను రెండూ తెచ్చుకున్నాను.

తను అంతా విని, "గిదంత ఎరుకై గూడ మీరు రోజు గాడికే పోతున్నరు" అంది.

అక్కడికే అంటే మా ప్లాంటుకు. గుమ్మడిదల వైపు ఒక మందుల కంపెనీలో వ్యర్థజలాలు శుభ్రం చేసే విభాగంలో నేను షిఫ్ట్ కెమిస్టును. మా షిఫ్టులో ఆపరేటరు ఒక పెద్దాయన. ఆ పక్క ఊరివాడే. ముందు వ్యవసాయం, ఇప్పుడూ కొంత ఉంది గానీ నెల గడిచేది కంపెనీ జీతంతోనే. అందరమూ కాకా అంటాం. సీరియల్ సంగతి ఆయనకూ చెప్పాను. వారం తర్వాత ఆయనే వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు.

"సారు, నువ్వు జెప్పిన సీరియల్ సూసిన."

"ఎట్లుంది కాకా? భయమైందా?"

"భయం కాదు, కోపమొచ్చింది. గా ఇంటోళ్లు ఒట్టి బేకూఫ్‌లు. వాసన పోంగనే పండుకుంటున్నరు. ఏడికి పోయిందని సూడరా? మా బర్రె కనవడకుంటె నేను పండుకుంటనా?"

"అది కథ కాకా."

"కథైతె ఏంది. వాసన ఊకె పోతదా? అది వోయిందా, మన ముక్కు వోయిందా, ఎట్ల తెలుస్తది?"

నేను పుస్తకంలో చదివి రెండు మార్కులు తెచ్చుకున్న ముక్కను ఆయన బర్రెతో సహా ఒక్క నిమిషంలో చెప్పేశాడు. నాకు నవ్వు వచ్చింది. అప్పటి నుంచి ఆయన ఒక అలవాటు పెట్టుకున్నాడు. ప్లాంటులో వాసన తగ్గిన రోజు చాయ్ తాగకముందే ట్యాంకుల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వస్తాడు. తిరిగి రాగానే మేం అడిగేవాళ్లం. "కాకా, ఆమె వచ్చిందా?" షిఫ్టు మొత్తానికి అదొక పాట అయిపోయింది. ఆ జోకు నాదే. ఆ షిఫ్టులో ఆడే జోకులన్నీ దాదాపు నావే.

వానాకాలంలో ఒకరోజు, మధ్యాహ్నం అన్నాల వేళకు ముందు, సంపులో పంపు పట్టేసింది. సంపు అంటే నేలలో మనిషికి రెండింతల లోతున్న సిమెంటు గొయ్యి. కంపెనీ మురుగంతా ముందు అందులోకి వస్తుంది. ఎవరో ఒకరు నిచ్చెన మెట్లు దిగి పంపుకు చుట్టుకున్న చెత్త తీయాలి. దిగే పని ఎప్పుడూ కాంట్రాక్టు కార్మికుడిది. ఆ రోజు దిగాల్సినాయన ఒడిశా నుంచి వచ్చి ఆరేళ్లయిన మనిషి. నలభై దాటి ఉంటాయి. వీడియో కాల్‌లో కూతుళ్లకు అన్నం పళ్లెం చూపించే మనిషి ఈయనే. ఇద్దరు కూతుళ్లూ నాకు కూడా చేతులు ఊపేవాళ్లు.

ఎవరైనా గోతిలో దిగాలంటే పర్మిట్ కాగితం రాయాలి. అందులో గ్యాస్ రీడింగ్ అని ఒక గడి ఉంటుంది. దాన్ని మీటరుతో చూసి నింపాలి. మీటరు కొలత సరిచేసే కాలిబ్రేషన్‌కు పోయి రెండు వారాలైంది. ఆ రెండు వారాలూ ఆ గడిని మేం ముక్కుతో నింపాం. అంచు దగ్గర నిలబడి పీల్చేవాళ్లం. వాసన ఉంటే కాసేపు ఆగేవాళ్లం. లేకపోతే 'నిల్' అని రాసేవాళ్లం. ఎవరూ చెప్పి చేయించలేదు. వాసన లేకపోతే గాలి మంచిదని ఈ చుట్టుపక్కల ఎవరికి చెప్పాలి?

మూత తీయగానే వాసన మొహం మీద కొట్టింది. ఆగుదాం అన్నాను. ఆయన పొడుగాటి కర్ర ఒకటి తెచ్చి, కదిలిస్తే పంపు దానంతట అదే వదులుతుందేమోనని అడుగున మురుగును కలిపాడు. పంపు వదల్లేదు. మేమిద్దరం అంచు మీదే నిలబడి వాన గురించి, బస్సు గురించి ఏదో మాట్లాడుకున్నాం. కొద్దిసేపటికి వాసన తగ్గింది. ఇంకాసేపటికి పూర్తిగా పోయింది. నేను వంగి గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. వాన వెలిసిన తర్వాత డాబా మీద నిలబడినంత హాయిగా ఉంది. తల కొంచెం నొప్పిగా ఉంది గానీ, అన్నాల వేళ కదా.

"సార్, బద్బూ గయా. సాఫ్ హై" అన్నాడాయన.

గడిలో 'నిల్' అని రాశాను. కింద సంతకం పెట్టాను. ఆయన బెల్టు కట్టుకుని, తాడు కొస నా చేతికిచ్చి, మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు.

రెండో మెట్టు దిగాడు. అప్పుడు షెడ్డు మూల నుంచి కాకా వస్తూ కనిపించాడు. మాకు ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయి, భుజం మీది తువ్వాల తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఏంది సారు, గింత వాసన గొడుతుంటె ఎట్ల నిలవడ్డరు గాడ?"

"వాసనేది కాకా? ఎప్పుడో పోయింది."

ఆయన నా వైపు చూశాడు. తర్వాత గోతి వైపు చూశాడు. ఆ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. అప్పటిదాకా ఏ మనిషి ముఖంలోనూ నేను భయం పుట్టడం చూడలేదు. భయపడిపోయిన ముఖాలే చూశాను. కాకా కేక వేయలేదు. గొంతు తగ్గించి, దూరం నుంచి, ఎవరైనా వింటారేమో అన్నట్టు చెప్పాడు.

"నాకీడ వాసనొస్తుంది సారు. మీకాడ లేదంటున్నవ్. అంటే ఆమె మీకాడనే ఉంది."

నవ్వాలని నోరు తెరిచాను. నవ్వు రాలేదు. చేతిలో తాడు ఉంది. తాడు కొసన మనిషి ఉన్నాడు. ఎమ్మెస్సీ అప్పుడు గుర్తొచ్చింది, రెండు మార్కులూ ఒకేసారి. కాకా పరుగెత్తుకు వచ్చి నా చేతుల మీదుగానే తాడు పట్టుకున్నాడు. ఇద్దరం లాగాం. గోతిలో ఉన్నాయన ఏమైందని అడుగుతూనే పైకి వచ్చాడు. నేల మీద కాలు పెట్టాక అట్లాగే కూలబడ్డాడు. ఆయన్ను చంకల కింద పట్టుకుని గాలికి ఎదురుగా, గేటు దాకా ఈడ్చుకుపోయాం. అక్కడికి చేరాక ఆయన వాంతి చేసుకున్నాడు. నేనూ చేసుకున్నాను.

పక్క బ్లాకు నుంచి మీటరు తెప్పించారు. మాస్కు పెట్టుకున్న ఒకాయన దాన్ని తాడుకు కట్టి గోతిలోకి వదిలాడు. అది ఒడిశా ఆయన దిగిన రెండో మెట్టు కూడా దాటకముందే అరవడం మొదలుపెట్టింది. పైకి లాగేశాక కూడా చాలాసేపు అరిచింది. చిన్న పెట్టె అది, అరచేతిలో పట్టేంత. దాని అరుపు వింటూ గేటు దగ్గర పదిమందిమి నిలబడ్డాం. ఆమె వచ్చిందా అని ఎవరూ అడగలేదు.

కంపెనీ డాక్టరు ఇద్దరినీ చూశాడు. ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నాడు, తలనొప్పికి మాత్ర ఇచ్చి ఇంటికి పంపాడు. ఇంట్లో నా భార్యకు ఏమీ చెప్పలేదు. పంపు చెడిపోయింది, తొందరగా వదిలేశారు అన్నాను. అందులో ఒక్క అబద్ధమూ లేదు. తను పొయ్యి మీద పాలు పెట్టి, నన్ను చూస్తూ ఉండమని చెప్పి డాబా మీది బట్టలు తేవడానికి వెళ్లింది. నేను వంటింటి గడప దగ్గర కుర్చీ వేసుకుని ఫోను చూస్తున్నాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది. బట్టల మోపుతో తను మెట్లు దిగుతూ దిగుతూ సగంలోనే అరిచింది.

"పాలు మాడుతున్నయి."

లేచి చూశాను. గిన్నె అడుగంతా నల్లగా మాడిపోయి ఉంది. పొగ కూడా వస్తోంది. మెట్ల మీద ఉన్న మనిషికి తెలిసిన వాసన, నాలుగడుగుల దూరంలో కూర్చున్న నాకు తెలియలేదు. తను పొయ్యి కట్టేసి నా దగ్గరికి వచ్చి, చాలాసేపు నా ముఖం చూసింది. అప్పుడు అంతా చెప్పాను. తను బట్టల మోపు దించకుండానే విన్నది. ఆ తర్వాత గిన్నె తోమలేదు, తీసి బయట పారేసింది. నా ముక్కు మర్నాటికి మామూలైంది. ముందుగా తెలిసిన వాసన కుళ్లిన కోడిగుడ్డుది. దాన్ని పీల్చి నేను సంతోషించాను. అది దూరంలో ఉంది.

అప్పటి నుంచి ఈ ప్రాంతంలో వాసన లేని రోజు నాకు గడవదు. ఎదురింటివాళ్లు గాలి మంచిగుందంటారు, నేను తల ఊపి లోపలికి వచ్చి నా భార్యను అడుగుతాను, నీకేమైనా వస్తోందా అని. ఏమీ రావడం లేదంటే ఇద్దరం కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంటాం.

వారం తర్వాత ప్లాంటులో కొత్తగా చేరిన పదిహేనుమందికి క్లాసు చెప్పమన్నారు. కొత్త మీటర్లు రెండు వచ్చాయి, వాటి గురించి కూడా చెప్పమన్నారు. కెమిస్ట్రీతో మొదలుపెడితే వాళ్లు నిద్రపోతారని సీరియల్‌తో మొదలుపెట్టాను. పాప జడల దగ్గర ఫోన్లు జేబుల్లోకి వెళ్లాయి. ముసలామె మాట దగ్గర ముందు వరుసలో ఒకాయన కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. ఇంత బాగా నేను ఎప్పుడూ చెప్పలేదు. అందరూ చూడండి, మొదటి మూడు భాగాలు దాటకండి అన్నాను. తర్వాత బోర్డు మీద వాయువు పేరు రాసి, ఎక్కువైతే ముక్కు మొద్దుబారుతుందని, వాసన లేదంటే గ్యాస్ లేదని కాదని, మీటరు లేకుండా ఎవరు దిగమన్నా దిగొద్దని చెప్పాను.

వెనక వరుసలో ఆ ఒడిశా ఆయన కూర్చున్నాడు. ఆయన కొత్తవాడు కాదు, ఎవరూ రమ్మనలేదు. చివరిదాకా విని చెయ్యెత్తాడు. ఆరేళ్లలో ఇక్కడి తెలుగు బాగానే పట్టుకున్నాడు.

"సార్, ముక్కు పనిచెయ్యదని గిది నీకు ఎప్పటి సంది తెలుసు?"

"చదువుకున్నప్పటి సంది" అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. గొంతులో కోపమేమీ లేదు.

"అయితె ఎరుకుండే నన్ను దింపినవ్."